జేబుల్లో చేతులు

బడి వసతి గృహం
అక్టోబరు 8, 1950

అక్కా,

రాగ్నా ఏడుపు మానేసింది. ముందు ఈ ముక్క రాస్తేగాని మిగతా ఉత్తరం నీ కళ్ళకు ఆనదని నాకు తెలుసు. తింటోంది, పడుకుంటోంది. బంగాళాదుంపలు పొట్టుతో సహా మింగేస్తోందని వంటామె నవ్వుతోంది. అది మన దీవి అలవాటేనని చెప్పాను.

అది నా తరగతిలోనే ఉంది. బడిలో నన్ను పిన్నిగా కాక పంతులమ్మగా చూడాలన్నారు మా బడి పెద్దాయన. ఎనిమిదేళ్ళ పిల్లకు, అందులోనూ రెండో ఏట జ్వరంలో చెవులు పోగొట్టుకున్న పిల్లకు, ఆ తేడా ఎలా చెప్పను? పొద్దున్నే వచ్చి నా గౌను అంచు పట్టుకుంటుంది. నేను విడిపించుకుంటాను. ఇద్దరికీ బాగుండదు.

మాట ఎలా నేర్పుతారని అడిగావు. దాని చెయ్యి ఒకటి నా గొంతు మీద, ఇంకొకటి తన గొంతు మీద పెట్టిస్తాను. నా గొంతు అదిరినట్టే తన గొంతూ అదిరేదాకా తంటాలు పడుతుంది. చిన్న మాటలు కొన్ని వచ్చాయి. అసలు గండం జంట మాటలతో. మనవాళ్ళు రెండు మూడు మాటల్ని కలిపి కుట్టేసి ఒకే మాటగా వాడేస్తారు కదా. చెవులున్నవాళ్ళు ఆ కుట్టును పట్టించుకోరు. వినపడని పిల్లకు మాత్రం ముందు కుట్టు ఎక్కడుందో చూపించాలి. చేపల సూపును 'ఫిస్కె', 'సుప్పె' అని కుట్టు దగ్గరే విప్పాలి. ఊపిరి ఆగిన చోటల్లా తెంపితే అది మాట కాదు, పేలికలు. విప్పాక మళ్ళీ కలపాలి. మొదటి ముక్క మీద బరువు వెయ్యాలి. మిగతావి తల్లి బాతు వెనక పిల్లల్లా తేలిగ్గా నడవాలి. అందుకని బల్ల మీద ముందు గుప్పిటతో ఒక దెబ్బ, తరవాత వేలితో చిన్న చిన్న తట్లు. మీ కూతురు అన్నిటికీ గుప్పిటే వాడుతోంది! బల్ల విరిగేలా ఉంది.

ఇంట్లో రోజూ వాడే మాటలు రాసి పంపు. వచ్చే వేసవికి అవి దాని నోటితో వింటావు.

నీ చెల్లెలు,
మార్గిట్

*

దీవి
అక్టోబరు 29, 1950

చెల్లీ,

నీ ఉత్తరం పోస్టు పడవలో వచ్చింది. మీ బావ రేవులోనే చింపి చదివేశాడు. ఇంటికొచ్చాక నాకు ఇంకోసారి చదివి వినిపించాడు, నాకు చదువు రానట్టు. బల్ల విరుగుతుందన్న చోట ఆయన గడ్డం అంతా నవ్వే. "విరగ్గొట్టనీవే, నేను కొత్తది చేసి పంపిస్తాలే" అన్నాడు.

ఇల్లు ఎలా ఉందని అడగకు. మాట రాని పిల్ల వెళ్ళిపోతే ఇల్లు నిశ్శబ్దం అవడమేమిటో నాకు అర్థం కాదు. ఎప్పుడూ ఏదో ఒకటి కింద పడేసేది కదా, అది కావచ్చు.

మాటలు అడిగావు. నేను రొట్టె, పాలు, మేజోళ్ళు అని మొదలుపెడితే మీ బావ కలం లాక్కున్నాడు. ఆయనకు ఒకటే మాట కావాలట. ఫూగ్లెవొక్తర్. పిట్టల కావలిది. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. పట్నం వెళ్ళకముందు నువ్వూ ఆ గూళ్ళ మధ్య తిరిగినదానివే. మనం నూగు ఏరి అమ్ముకునే ఈడర్ బాతులు పొదిగే కాలంలో ఈ దీవిలో నోరెత్తే హక్కు ఎవరికుంది? కుక్కను కట్టేస్తాం, తలుపు గడియకు గుడ్డ చుడతాం, మొగుడూ పెళ్ళాం దెబ్బలాట కూడా జులైకి వాయిదా వేసుకుంటాం. అప్పుడు అందరివీ సైగలే. ఏడాదిలో ఆ ఒక్క కాలంలోనే మన పిల్ల అందరితో సమానం. సమానం ఏమిటి, అందరికంటే మిన్న. అది పక్కన నుంచి నడిస్తే పిట్ట తలైనా తిప్పదు.

వాళ్ళిద్దరి సైగలు నాకు సగం కూడా తెలియవు. తండ్రీ కూతుళ్ళు రోజంతా గూళ్ళ దగ్గర ఉండి ఏవేవో కల్పించుకున్నారు. నేను వంటింట్లో ఉండిపోయాను. గడ్డం లాగినట్టు చూపిస్తే నాన్న. రొమ్ము మీంచి ఈక పీకి అరచేతిలో పరిచినట్టు చూపిస్తే రాగ్నా. తల్లి బాతు తన రొమ్ము నూగు పీకి గూట్లో పరుస్తుంది చూడు, అది. ఆ పేరు మీ బావ పెట్టాడు. పాదిరి పెట్టిన పేరు దానికి ఎలాగూ వినపడదు కదా అంటాడు.

చలి మొదలైంది. మేజోళ్ళు అల్లుతున్నాను, రెండు జతలు. ఒకటి నీకు.

మీ అక్క,
ఆస్లౌగ్

*

బడి వసతి గృహం
డిసెంబరు 3, 1950

అక్కా,

కోపం తెచ్చుకోకుండా చదువు. సైగల సంగతి నువ్వు ముచ్చటగా రాశావు, నేను ఇక్కడ తల పట్టుకున్నాను. ఈ బడిలో చేతులతో మాట్లాడడం నిషేధం. చేతులకు పని దొరికితే నోరు బద్ధకిస్తుందని మా అందరి నమ్మకం, నాదీ అదే. పిల్లలు విరామంలో కట్టెల కొట్టం వెనక నక్కి చేతులు ఆడిస్తుంటారు. కనపడితే బల్ల మీద చేతులు పెట్టి కూర్చోబెడతాం. రాగ్నా గడ్డం లాగుతూ నన్నేదో అడుగుతోంటే ఇన్నాళ్ళూ పంటి నొప్పేమో అనుకున్నాను, చూడు!

కాబట్టి వచ్చే వేసవికి అది వచ్చేసరికి మీరిద్దరూ సిద్ధంగా ఉండాలి. దాని సైగకు జవాబు ఇవ్వకూడదు. నోటితో అడిగేదాకా ఆగాలి. బావకు కష్టమని తెలుసు. చేతులు జేబుల్లో పెట్టుకోమను. ఇంకో మాట. పెదవులు కనపడితేనే పిల్ల మాట చదవగలదు. బావ గడ్డం తీసేయాలి.

క్రిస్మస్‌కు పంపలేం. దూరపు పిల్లలెవరూ వెళ్ళడం లేదు, స్టీమర్లను నమ్మేలా లేదు. నీ మేజోళ్ళు వేసుకుని క్రిస్మస్ చెట్టు పక్కన నిలబడితే ఫొటో తీయిస్తాను.

ఫూగ్లెవొక్తర్ మొదలుపెట్టాం. మూడు రోజులైనా 'ఫూగ్' దగ్గరే దీపం ఆర్పేస్తోంది. అదే, పెదవుల ముందు కొవ్వొత్తి పెట్టి ఊదిస్తాంలే, కంగారు పడకు.

మార్గిట్

*

దీవి
జనవరి 21, 1951

చెల్లీ,

ఫొటో అందింది. మేజోళ్ళు కనపడలేదు, మొహమే కనపడింది. చాలు.

మీ బావకు నీ ఆజ్ఞ వినిపించాను. "అది నాతో మాట్లాడాలంటే నేను నోరు మూసుకోవడం కాదు, చేతులు మూసుకోవాలన్నమాట" అన్నాడు. ఆ రోజు నుంచీ సాధన. కాఫీ తాగేటప్పుడు ఒక చెయ్యి జేబులో. వల బాగుచేసేటప్పుడు ఎలా కుదురుతుందయ్యా అంటే, "రేయ్ ఐలెర్ట్, బుద్ధిగా ఉండు" అని తనను తానే కసురుకుంటాడు. నవ్వలేక చచ్చాను. తరవాత పశువుల కొట్టంలోకి వెళ్ళి ఏడ్చాను. ఎందుకో అడగకు.

గడ్డం మాత్రం పిల్ల వచ్చే ముందు రోజు తీస్తాడట. వచ్చే వారం లొఫోటెన్‌కు కాడ్ చేపల వేటకు బయలుదేరుతున్నాడు. ఆ చలిలో గడ్డం లేకపోతే దవడ రాలిపోతుంది.

నీకు ఒకటి చెప్పనా? నాకు ఆ పిల్ల నోటి వెంట అమ్మ అన్న మాట వినాలని ఉంది. మీ బావ ఫూగ్లెవొక్తర్ అంత పెద్దది కాదు నాది. కుట్లు లేనిది. ఊళ్ళో పిల్లలందరూ రోజంతా పిలిచి తల్లుల్ని విసిగించేదే. దానికోసం ఆయన చేతులు కట్టేయమన్నా కట్టేస్తాను.

ఆస్లౌగ్

*

బడి వసతి గృహం
మే 27, 1951

అక్కా,

శుక్రవారం స్టీమరుకు ఎక్కిస్తున్నాను. రేవుకు రండి.

వచ్చింది! పూర్తిగా వచ్చింది. ఫూగ్లె, వొక్తర్. కుట్టు దగ్గర ఇంకా కాస్త ఆగుతుంది, బరువు రెండు ముక్కల మీదా సమానంగా వేస్తుంది, కానీ ఎవరికైనా అర్థమవుతుంది. పరీక్షకు వచ్చిన పెద్దమనుషుల ముందు చెప్పింది. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ అనే మాట గురించి ఏమీ రాయను. నీ చెవులతోనే విను.

రోజూ అరగంట గట్టిగా చెప్పించు. గట్టిగా అంటే గట్టిగానే, సణుగుడు వద్దు. తన గొంతు ఎంత పెద్దదో దానికి తెలియదు, గొంతు అదరడం ఒక్కటే తెలుస్తుంది. ఎంత అదిరితే అంత ధైర్యం. చేతుల విషయం మరిచిపోవద్దు. ఒక్క వేసవి మెత్తబడ్డారంటే ఏడాది శ్రమ గంగపాలు.

బావకు చెప్పు, ఆ మాట ఆయన కోసమే దాచుకుని వస్తోంది. స్టీమరెక్కేదాకా నన్ను కూడా పలకనివ్వడం లేదు, నా నోటికి చెయ్యి అడ్డం పెట్టేస్తోంది.

ఆనందంతో,
మార్గిట్

*

దీవి
జూన్ 23, 1951

మార్గిట్,

నడివేసవి సెయింట్ హాన్స్ పండగ మంట వేశారు. అందరూ అక్కడున్నారు. నేను వెళ్ళకుండా కూర్చుని ఇది రాస్తున్నాను. ఎలా జరిగిందో అలాగే చెబుతాను.

రేవులో దిగింది. ఎంత పొడుగైంది! నన్ను చూసి "మూర్" అంది. అమ్మా అని. వినబడింది చెల్లీ. అందరూ విన్నారు. అంతవరకూ నీకు ఋణపడి ఉన్నాను.

తరవాత అది తండ్రిని దాటి వెళ్ళిపోయింది. ఎదురుగా నిలబడ్డ మనిషిని దాటి, జనంలోకి తొంగి చూస్తూ, నాకేసి తిరిగి గడ్డం లాగినట్టు చూపించింది. నాన్న ఏడని. గడ్డం లేని మొహం దానికి తెలియదు కదా. చేతులు ఆడించి ఉంటే ఆ క్షణంలో గుర్తుపట్టేది. ఆయన చేతులు జేబుల్లో ఉన్నాయి.

ఇంకొకటి నువ్వూ నేనూ ఎవరం ఆలోచించలేదు. నువ్వు నేర్పింది పట్నపు మాట. మనం ఇక్కడ ప్రతి మాటకూ తోక మింగేస్తాం. నా పెదవులు చూసి అది ఏమీ చదవలేకపోయింది. నేను మళ్ళీ మళ్ళీ చెప్పాను, పాదిరిలా సాగదీసి చెప్పాను. అది తల ఊపుతూ మర్యాదగా నవ్వింది. పరాయి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన పిల్ల నవ్వినట్టు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మనం దాన్ని రచ్చ గెలిపించి ఇంటికి తెచ్చాం.

ఈ ఏడు చలికి పిట్టలు ఆలస్యంగా కూర్చున్నాయి. గూళ్ళన్నీ నిండుగా ఉన్నాయి, పొదుగు ఇంకా పూర్తి కాలేదు. మూడో రోజు పొద్దున మీ బావ గూళ్ళు చూడ్డానికి వెళ్ళాడు. రాగ్నా వెనకే పరిగెత్తింది. అప్పటికి ఆయనే తండ్రి అని దానికి తెలిసింది, కానీ ఎందుకు పలకడం లేదో తెలియలేదు. సరిగ్గా గూళ్ళ మధ్యన ఆయన ఎదుట నిలబడి ఆ మాట అంది. ఆయన నవ్వాడు, పెదవులతో ఏదో అన్నాడు. దానికి అందలేదు. ఆయన చేతులు బయటికి వస్తాయని చూసింది. రాలేదు. వినబడలేదేమో అనుకుని, గుండెల మీద గుప్పిటతో కొట్టుకుంటూ ఇంకా గట్టిగా అంది. నువ్వు చెప్పినంత గట్టిగా. నేను వాకిట్లో ఉన్నాను, అక్కడికి వినబడింది. ఫూగ్లె! వొక్తర్!

పిట్టలు లేచాయి. ఒకటి లేస్తే అన్నీ లేస్తాయని నీకు తెలుసు. నూగు, గుడ్లు, అన్నీ వదిలేసి సముద్రం మీదికి. పైన కాకులూ గల్ పక్షులూ కాచుకునే ఉంటాయి.

అది ఇంకా అరుస్తూనే ఉంది. వీపు వెనక ఏం జరుగుతోందో చూడలేదు. అప్పుడు మీ బావ చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది. వచ్చి దాని నోరు మూసింది.

అది వచ్చిన దగ్గర నుంచీ ఆయన చెయ్యి కదిలింది అదొక్కసారే.

అది మళ్ళీ నోరు విప్పలేదు. తన రెండు చేతులూ గౌను జేబుల్లో పెట్టుకుని ఇంటికి నడిచి వచ్చింది.

ఆస్లౌగ్

*

బడి వసతి గృహం
సెప్టెంబరు 9, 1951

అక్కా,

రాగ్నా ఇక్కడికి వచ్చిన దగ్గర నుంచీ ఒక్క శబ్దం కూడా చేయలేదు. గొంతు మీద చెయ్యి వేయబోతే వెనక్కి జరుగుతోంది. ఏమైందని అడిగితే తన అరచేతిని తన నోటి మీద టప్పున వేసి చూపిస్తోంది.

నీ ఉత్తరంలో మూశాడని రాశావు. అది మూయడంలా లేదు. బావ దాన్ని కొట్టాడా? కొన్ని పిట్టల కోసం, కొంచెం నూగు డబ్బుల కోసం, ఏడాదంతా ఒక్క మాటను గుండెల్లో పెట్టుకుని తెచ్చిన పిల్ల మూతి మీద కొట్టాడా? నువ్వు కప్పిపుచ్చుతున్నావేమో అనిపిస్తోంది. నిజం రాయి. బడిలో నేను జవాబు చెప్పుకోవాలి.

మార్గిట్

*

దీవి
సెప్టెంబరు 30, 1951

మార్గిట్‌కు,

కొట్టలేదు. పిల్లను కాదు గదా, కుక్కను కూడా కొట్టిన మనిషి కాదని నీకు తెలుసు. తెలిసీ రాశావు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, నువ్వు కలంతోనే దాటించావు. ఇందులో చేతులు కట్టెయ్యమన్నది ఎవరు, గొంతు చించుకోమన్నది ఎవరు? నేను అడగను. నువ్వే తీరిక ఉన్నప్పుడు అడుక్కో.

నీ ఉత్తరం ఆయన చదివాడు. దాచేలోగానే చదివాడు. పొద్దున గూళ్ళ దగ్గర ఒక్కడూ కూర్చుని ఉన్నాడు, చేతులు ఆడిస్తూ. ఎదురుగా ఎవరూ లేరు.

లొఫోటెన్‌కు వెళ్ళేముందు బడికి వచ్చి పిల్లను చూస్తానంటున్నాడు. దారి ఖర్చులు అడ్డం కావు. గడ్డం మళ్ళీ పెంచుతున్నాడు. ఎప్పుడు రావాలో రాయి.

ఆస్లౌగ్

*

బడి వసతి గృహం
నవంబరు 11, 1951

అక్కా,

తొందరపడి రాశాను. బావకు చెప్పు, క్షమించమను.

కానీ ఇప్పుడు రావద్దు. పెద్దాయనను అడిగాను, నేనూ ఆలోచించాను. పోయిన వారమే రాగ్నా మళ్ళీ గొంతు కదిపింది, చిన్నగా, 'సుప్పె' అని. ఈ సమయంలో బావ వచ్చి చేతులు ఆడిస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఆడించకుండా నిలబడితే దానికి మళ్ళీ దెబ్బ. ఎటు చూసినా నష్టమే. వేసవి దాకా ఓపిక పట్టమను. ఈసారి నేను కూడా దానితో వస్తాను. ముగ్గురం కూర్చుని నిదానంగా విడమరిచి చెప్పుకుందాం. వేసవి ఎక్కడికీ పోదు కదా.

మార్గిట్

*

దీవి
మార్చి 2, 1952

చెల్లీ,

టెలిగ్రాం అంది ఉంటుంది. పడవ తిరగబడింది. ఇద్దరు దొరికారు. మీ బావ దొరకలేదు, ఇక దొరకడని వాళ్ళు తేల్చేశారు.

వేసవి దాకా ఓపిక పట్టమంటే పట్టాడు. నీ ఉత్తరం కోటు జేబులో పెట్టుకుని తిరిగాడు. కోపం లేదు నీ మీద. "మార్గిట్ వస్తానంది కదా, అప్పుడు చెప్పుకుంటాలే" అన్నాడు. ఏం చెప్పుకోవాలనుకున్నాడో నాతో అనలేదు. నాతో అనాల్సింది కాదులే అది.

రాగ్నాకు నువ్వే చెప్పు. ఇంకెవరి చేతా చెప్పించకు. అర్థమయ్యేలా చెప్పి, తరవాత ఇంటికి పంపెయ్యి.

నీ అక్క

*

బడి వసతి గృహం
మార్చి 16, 1952

అక్కా,

చెప్పాను. ఎలా చెప్పానో రాయకపోతే నాకు నిద్ర పట్టదు. చదివాక నన్ను ఏమన్నా సరే.

తరగతి అయ్యాక దాన్ని నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. చనిపోవడం అనే మాట దానికి ఈగల విషయంలో తప్ప తెలియదు. బోత్‌ఫొర్‌లీస్ అన్నాను. పడవ ప్రమాదం. నిదానంగా, పెదవులు బాగా కనపడేలా. బోత్ దానికి తెలిసిన మాటే, మొహం వెలిగింది. మిగతాది తెలియదు. కొత్త పాఠం అనుకుంది. తనంతట తానే నా గొంతు మీద చెయ్యి వేసింది, నెలల తరవాత. రెండో చెయ్యి బల్ల మీద పెట్టింది. గుప్పిటతో ఒక దెబ్బ, వేలితో రెండు చిన్న తట్లు. బోత్, ఫొర్, లీస్. బరువు మొదటి ముక్క మీద. కుట్టు దగ్గర ఆగలేదు. ఏడాదిన్నరగా నేను దేనికోసం బల్ల కొట్టానో అది మొదటిసారి సరిగ్గా వచ్చింది, అక్కా. ఎవరు విన్నా చెవిటి పిల్ల అనుకోరు.

నేను తల ఊపాను. అలవాటు. బాగా చెప్పిన ప్రతిసారీ ఊపుతాను కదా. అది నవ్వింది. మెప్పు కోసం ఇంకోసారి చెప్పింది. ఇంకోసారి.

నేను ఏడుస్తుంటే తప్పు పలికాననుకుని మరీ శ్రద్ధగా పలికింది.

చివరికి దాని పక్కమంచం పిల్ల బోర్గిల్ చెప్పింది. నేను ఏడుస్తూ వంటామెతో అంటుంటే నా పెదవులు చూసిందట. కట్టెల కొట్టం దగ్గర నిలబెట్టి, గడ్డం, పడవ, అరచెయ్యి బోర్లా. అంతే. నేను కిటికీలోంచి చూస్తున్నాను. దానికి అర్థం కావడానికి ఊపిరి తీసినంత సేపు పట్టలేదు. తరవాత ఒక అరుపు వచ్చింది. ఆ గొంతు నేను నేర్పింది కాదు.

చేతులు ఆడించినందుకు బోర్గిల్ పేరు నేను ఎవరికీ చెప్పలేదు. రాగ్నాను గురువారం స్టీమరుకు ఎక్కిస్తాను.

మార్గిట్

*

దీవి
జూన్ 8, 1952

చెల్లీ,

ఇన్నాళ్ళూ రాయలేదని నువ్వు కుమిలిపోతుంటావు. నీ మీద కోపం ఉంది, లేదనను. కానీ కోపంతో పొయ్యి వెలగదు. ఆ సంగతి ఇక వదిలెయ్.

రాగ్నాను తిరిగి పంపను. పెద్దాయనకు ఆ మాట నువ్వే చెప్పు.

గూళ్ళు మేమిద్దరమే బాగుచేశాం. రాళ్ళు సర్దాం, నాచు ఎండబెట్టి లోపల పరిచాం. పోయినేడు అంత గోల అయ్యాక పిట్టలు రావనే అన్నారు ఊళ్ళో. చాలా గూళ్ళు ఖాళీయే. కొన్ని వచ్చాయి. పిట్టలు మనిషిని బట్టల్ని బట్టి గుర్తుపడతాయని మీ బావ ఏళ్ళ తరబడి ఒకే కోటు తొడుక్కునేవాడు కదా. లొఫోటెన్‌కు అది తీసుకెళ్ళలేదు. అందుకని నేను అది తొడుక్కుని వెళుతున్నాను. పిట్టలు నమ్మాయి. రాగ్నా మొదటి రోజు చూసి చాలాసేపు దూరంగా నిలబడింది.

నిన్న గూళ్ళ మధ్య కూర్చున్నాం. ఆ కోటు ఏం మాయో గాని, నా చేతులు వాటంతట అవే జేబుల్లోకి పోతాయి. రాగ్నా వచ్చి నా చేతుల్ని జేబుల్లోంచి లాగింది. ముందు ఒకటి, తరవాత రెండోది. ఒక అరచేతిని తీసుకుని తన నోటి మీద పెట్టుకుంది. తరవాత గడ్డం లాగినట్టు చూపించింది. తరవాత నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.

నాన్న నా నోరు ఎందుకు మూశాడు? దానికి నా దగ్గర జవాబు ఉంది చెల్లీ. నాన్నకు కోపం నీ మీద కాదమ్మా, పిట్టల కోసమే మూశాడు, నీ మాట ఆయన విన్నాడు, సాయంత్రం నాతో పదిసార్లు చెప్పుకుని మురిశాడు. ఇవన్నీ నా నోట్లో ఉన్నాయి. నా నోరు అది చదవలేదు. చేతుల్లో ఏమీ లేవు. ఆయన ఆ సైగలు నాకు నేర్పలేదు, నేను అడగలేదు, వంటింట్లో ఉండిపోయాను. నేను తల అడ్డంగా ఊపాను. దానికి ఏమర్థమైందో ఏమో, చెయ్యి వదిలేసి వెళ్ళి పిట్టల్ని చూస్తూ కూర్చుంది.

ఆ బోర్గిల్‌ను అడుగు. కోపం నీ మీద కాదు అనడానికి వాళ్ళు చేతులతో ఏం చేస్తారో అడుగు. బొమ్మ గీసి పంపు. బడి నియమం సంగతి నాకు చెప్పకు. పిట్టలు పిల్లల్ని తీసుకుని నీళ్ళలోకి దిగేలోగా పంపు. అవి ఉన్నంతకాలమే అది నా పక్కన కూర్చుంటోంది.

ఆస్లౌగ్

*

బడి వసతి గృహం
జూన్ 15, 1952

అక్కా,

అడిగాను. ఈ ఏడు సెలవులు ఇంకా ఇవ్వలేదు, పిల్లలందరూ ఇక్కడే ఉన్నారు. నేను అడగగానే బోర్గిల్ రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. పక్కనున్న పిల్లలందరూ దాచుకున్నారు. పట్టుకోవడానికి పన్నిన ఉచ్చు అనుకున్నారు. అప్పుడు నాకు వచ్చిన ఒకే ఒక్క మాట చేశాను. రొమ్ము మీంచి నూగు పీకి అరచేతిలో పరిచాను. నీ పాత ఉత్తరంలో ఉందిగా. రాగ్నా అని వాళ్ళకు తెలుసు. ఒక్కొక్కళ్ళే చేతులు ముందుకు తెచ్చారు. మూడు రోజులు నేర్పారు. నా వేళ్ళకు తెలివి తక్కువట, బోర్గిల్ నా మణికట్టు పట్టుకుని విసుక్కుంది, సరిగ్గా నేను వాళ్ళ మీద విసుక్కున్నట్టే.

గీసి పంపుదామని కూర్చున్నాను. ఎన్ని కాగితాలు పాడుచేశానో. కాగితం మీద చేతులు కదలవు అక్కా, కదలకపోతే అది మాట కాదు. అందుకని నేనే వస్తున్నాను, గురువారం స్టీమరుకు. పెద్దాయనకు చెప్పాను. ఆయన ఏమన్నారో వచ్చాక చెబుతాను.

దాన్ని రేవుకు తీసుకురా. నువ్వు ఆ కోటే తొడుక్కుని రా. దిగగానే నిన్ను కావలించుకోలేదని బాధపడకు. పెట్టె మోయడానికి ఎవరినైనా తెచ్చుకో. ఆ మాట దానికి చెప్పేదాకా నా చేతులు ఖాళీగా ఉండాలి.

మార్గిట్